చేతికందింది, నోటికందలేదు: ఒక ఎ అండ్ ఎం అభిమానికి జవాబు

ప్రశ్న: నేను 2010 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ ఎ అండ్ ఎంలో చేరాను. అప్పటిదాకా నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. రూమ్మేట్లు లాక్కెళితే కాలేజీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూశాను. ఆట ముక్క అర్థం కాలేదు గానీ అంతమంది ఒక్క గొంతుతో అరుస్తుంటే ఒళ్ళు జలదరించింది. అప్పటినుంచి నా శనివారాలన్నీ ఆ జట్టువే. ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉద్యోగం. భార్య, తొమ్మిదేళ్ళ బాబు. 2025 డిసెంబరు 20న మయామీ చేతిలో 10-3తో ఓడిపోయినప్పుడు మా వాడు సోఫా వెనక కూర్చుని ఏడ్చాడు. నేను రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "మన ఊరు కాదు, మన వాళ్ళు కాదు, నువ్వెవరో కూడా ఆ పిల్లలకి తెలీదు. వాళ్ళ కోసం ఇంట్లో ఈ శోకమేంటి?" అంటుంది మా ఆవిడ. హైదరాబాద్‌లో ఉన్న పాత రూమ్మేట్ మాత్రం ఇంకా నిద్ర మానుకుని చూస్తున్నాడు. సీజన్ టికెట్లు కొందామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. కొనాలా, లేక అసలు ఈ జట్టునే వదిలేయాలా? బాబును కూడా ఈ ఊబిలోకి దింపుతున్నానేమో అని భయంగా ఉంది.

జవాబు: వదిలేయకండి. ఆ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాం. టికెట్ల సంగతికీ, బాబు సంగతికీ మాత్రం జవాబు కాస్త పొడుగు.

మీది లేనిపోని బాధ కాదు. మీరు క్యాంపస్‌లో ఉన్న చివరి సీజన్ 2012 అయ్యుంటుంది. కాలేజీ ఎస్‌ఈసీలోకి, అంటే దక్షిణాది కాలేజీల లీగులోకి (ఇలాంటి లీగును కాన్ఫరెన్స్ అంటారు), మారిన మొదటి ఏడాది. నవంబరు 10న అలబామాను వాళ్ళ సొంతగడ్డ మీద 29-24తో ఓడించడం, జానీ మాన్‌జెల్ మొదటి ఏడాది ఆటగాడిగా, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలవడం (అంతకుముందు ఏ ఫ్రెష్‌మన్‌కూ ఆ ట్రోఫీ రాలేదు), సీజన్ చివర ఆడే కాటన్ బౌల్‌లో ఓక్లహోమా మీద 41-13. కొత్త అభిమానికి ఇంతకన్నా ప్రమాదకరమైన మొదలు ఉండదు. ఇక ఏటా ఇలాగే ఉంటుందని మనసు నమ్మేస్తుంది. ఈ కాలేజీ చివరిసారి ఫుట్‌బాల్‌లో జాతీయ విజేత అయింది 1939లో అనీ, కాన్ఫరెన్స్ టైటిల్ చివరిసారి గెలిచింది 1998లో అనీ ఆ వయసులో ఎవరికి గుర్తుంటుంది?

ఆ తర్వాతిదంతా మీకు తెలిసిందే. 2020లో లీగ్ ఆటలు 8-1తో (ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి) ముగించినా, జాతీయ విజేతను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు ఒక్క స్థానంలో తప్పిపోయింది. 2021లో నంబర్ వన్ అలబామాను కైల్ ఫీల్డ్‌లో ఆఖరి క్షణపు ఫీల్డ్ గోల్‌తో (బంతిని కాలితో తన్ని స్తంభాల మధ్య నుంచి పంపి తెచ్చుకునే పాయింట్లు) 41-38తో కొట్టారు. మరుసటి ఏడాది అదే మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడి, చివరికి 5-7తో మిగిలారు. 2024లో 7-1తో దూసుకెళ్ళి, నవంబరు మొదలవగానే సౌత్ కరోలినా చేతిలో 44-20, ఆబర్న్ చేతిలో నాలుగు ఓవర్‌టైముల తర్వాత 43-41, సొంత మైదానంలో టెక్సస్ చేతిలో 17-7. 2025లో ఏకంగా 11-0. ఆపైన టెక్సస్ చేతిలో 27-17, ఆ తర్వాత మయామీ.

ఈ వరస చూసి "మన జట్టుకు నవంబరు శాపం" అని చాలామంది అంటారు. శాపమేం కాదు, 2025లో జరిగినదానికి లెక్క ఉంది. టెక్సస్ చేతిలో ఓటమితో ఎస్‌ఈసీ ఫైనల్ పోయింది. పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో మొదటి నాలుగు స్థానాల వాళ్ళకు తొలి రౌండ్ ఉండదు. ఎ అండ్ ఎంకు ఏడో స్థానం వచ్చింది కాబట్టి పదో స్థానంలో ఉన్న మయామీతో తొలి రౌండ్ ఆడక తప్పలేదు. గాలి విపరీతంగా వీస్తున్న రోజు. మొదటి సగం ముగిసేసరికి 0-0. మయామీకి మూడు ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు వృథా అయ్యాయి, అంటే అదృష్టం మన వైపే మొగ్గింది. కానీ మన వాళ్ళు మూడుసార్లు బంతిని పోగొట్టుకున్నారు. మన పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్‌ను మయామీ ముందు వరుస పదే పదే నేలకూల్చింది. అయినా చివరి నిమిషంలో గోల్ గీత దగ్గరిదాకా వెళ్ళారు. అక్కడ వేసిన పాస్ ఎండ్ జోన్‌లో, అంటే గోల్ గీత అవతల, మయామీ ఆటగాడి చేతుల్లో పడింది. చేతికందిన ముద్ద నోటికి అందకపోవడం అంటే అచ్చంగా అదే.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నామంటే, మీరు రెండు రోజులు మాట్లాడకపోవడానికి ఓటమి ఒక్కటే కారణం కాదు. ఎందుకు ఓడామో తెలియకపోవడం దానికి తోడైంది. కారణం తెలియకపోతే మనిషి కోచ్‌నో, రిఫరీనో, చివరికి పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణో తిట్టుకుంటాడు. వచ్చే సీజన్ నుంచి ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. ప్రతి ఆటకూ నాలుగే అంకెలు రాయండి. బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, ఎన్నిసార్లు లాక్కున్నారు. మూడో డౌన్‌లో ఎన్నింటికి ఎన్ని దాటారు (పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్). ఒకే ప్రయత్నంలో 20 గజాలు దాటినవి ఎటువైపు ఎన్ని. ప్రత్యర్థి 20 గజాల గీత లోపలికి వెళ్ళిన ప్రతిసారీ సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయి. నాలుగు అంకెలూ మీ వైపున ఉండి కూడా ఓడితే అది దురదృష్టం, వారంలో మర్చిపోవచ్చు. మూడు అవతలి వైపున ఉండి గెలిస్తే సంబరపడండి గానీ జాగ్రత్తగా ఉండండి.

ముఖ్యంగా బంతి చేతులు మారే లెక్క. ఇంటర్‌సెప్షన్లలో, అంటే ఎదుటివాళ్ళ పాస్‌ను మధ్యలో పట్టేయడంలో, నైపుణ్యం పాత్ర ఉంటుంది. కిందపడిన బంతి ఎవరికి చిక్కుతుందన్నది మాత్రం దాదాపు బొమ్మా బొరుసే. అలాగే, ఒక్క స్కోరు తేడాతో గెలిచిన ఆటలు ఎక్కువున్న సీజన్ తర్వాతి ఏడాది కూడా అలాగే సాగడం అరుదు. 2025నే తీసుకోండి. నోటర్ డామ్ మీద నాలుగో డౌన్‌లో, 13 సెకన్లు మిగిలుండగా 41-40. ఆబర్న్ మీద 16-10. ఆర్కన్సా మీద 45-42. సౌత్ కరోలినా మీద సగం ఆటకు 30-3తో వెనకబడి, చివరికి 31-30. ఇవన్నీ మన జట్టు గుండె నిబ్బరమే, కాదనం. కానీ వీటిలో రెండు అటు తిరిగి ఉంటే మీరు డిసెంబరులో ఏడ్చే అవకాశమే ఉండేది కాదు, అక్టోబరులోనే ఏడ్చేవారు.

ఇక ఆశ సంగతి. కాలేజీ ఆటలో ఆశను ఎక్కడ ముడివేస్తామన్నదే అసలు చిక్కు. ఐపీఎల్‌లో ఒక జట్టుకు లీగ్ దశలోనే 14 ఆటలు. ఒకటి పోతే మూడు రోజుల్లో ఇంకోటి వస్తుంది. ఇక్కడ ఆగస్టు చివరి నుంచి నవంబరు చివరి దాకా వారానికి ఒకటి చొప్పున 12. ఆపైన తొమ్మిది నెలల ఖాళీ. ఆ ఖాళీలో అభిమాని చెవికి చేరేదంతా పుకార్లూ, కాలేజీల్లోకి రాబోయే హైస్కూలు ఆటగాళ్ళకు ఇచ్చే స్టార్ రేటింగులూ. 2022లో ఎ అండ్ ఎం తెచ్చుకున్న కొత్త పిల్లల బృందానికి అప్పటిదాకా ఏ కాలేజీకీ రానంత రేటింగు వచ్చింది. ఆ ఏడాదే 5-7. ఆ బృందంలో చాలామంది రెండేళ్ళలో వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు. వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కు, ఎవన్ స్టువర్ట్ ఓరెగన్‌కు. కోచ్ జింబో ఫిషర్‌ను 2023 నవంబరులో సాగనంపడానికి కాలేజీ ఒప్పుకోవలసి వచ్చిన పరిహారం 7.5 కోట్ల డాలర్ల పైమాటే.

ఎందుకిలా? 2021 జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారదలచిన ఆటగాళ్ళ జాబితా) పేరిచ్చి, ఏడాది ఆట మానుకుని కూర్చోకుండానే కాలేజీ మారవచ్చు. 2025-26 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బు పంచుతున్నాయి. ఒక్కో కాలేజీకి పరిమితి ఆ ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇది ద్రోహం అని బాధపడే అభిమానులను చూస్తుంటాం. మా అభిప్రాయం వేరు. మీరు ఎం.ఎస్. అయ్యాక మంచి జీతం ఇచ్చిన చోటికి వెళ్ళారు, ఎవరూ ఏమీ అనలేదు. మోకాలు ఒక్కసారి మెలిపడితే బతుకుతెరువు పోయే కుర్రాడికి ఆ హక్కు ఇంకా ఎక్కువ ఉండాలి.

పైగా మీ గుండె కోసే ఆ పోర్టలే ఇండియానా వాళ్ళ దీపం వెలిగించింది. దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఆటలు ఓడిన జట్లలో అదొకటి. 2023లో 3-9. కోచ్ కర్ట్ సిగ్నెట్టి జేమ్స్ మాడిసన్ కాలేజీ నుంచి వస్తూ తన ఆటగాళ్ళను కొందరిని వెంటబెట్టుకొచ్చాడు. 2024లో 11-2. 2025 సీజన్‌లో 16-0తో, 2026 జనవరిలో, మీ కళ్ళలో నీళ్ళు తెప్పించిన ఆ మయామీనే 27-21తో ఓడించి జాతీయ విజేతలయ్యారు. ఆ జట్టు ఊరు బ్లూమింగ్టన్‌లో నలభై యాభై ఏళ్ళుగా సగం ఖాళీ స్టేడియంలో కూర్చుని చూసిన ముసలాళ్ళు ఉన్నారు. వాళ్ళు 2023లో వదిలేసి ఉంటే?

కాబట్టి ఆశను ఫిబ్రవరి పుకార్లకు కట్టకండి. పోర్టల్ కిటికీ, అంటే పేరిచ్చుకునే గడువు, 2026లో జనవరి 2న తెరుచుకుని 16న మూసుకుంది. అది మూసుకున్నాక మూడు విషయాలు చూడండి. క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడా. ముందు వరుసలో, అంటే అటు ఇటు బరువు మోసే ఆ పెద్ద కుర్రాళ్ళలో, నిరుడు ఆడినవాళ్ళు ఎంతమంది మిగిలారు. ప్రధాన కోచ్ కింద ఆటను నడిపించే ఇద్దరు కోఆర్డినేటర్లు అక్కడే ఉన్నారా. ఈ మూడూ చూసుకుని ఎంత ఆశపడాలో అంత పడండి. కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఎన్ని స్టార్లున్నా, బలమైన శరీరాల మధ్య నిలదొక్కుకోవడానికి వాడికి సామాన్యంగా రెండేళ్ళు పడుతుంది.

ఇక్కడ మీకు ఒక విషయం గుర్తు చేయాలి. మీరు ఎవరితోనూ మాట్లాడని ఆ రెండు రోజుల్లో రెండో రోజు, డిసెంబరు 21న, కాన్సస్ సిటీలో ఎ అండ్ ఎం అమ్మాయిలు వాలీబాల్ ఫైనల్‌లో కెంటకీని 3-0తో ఓడించి తొలిసారి జాతీయ విజేతలయ్యారు. అంతకుముందు, ఆ ఏడాది ఎవరి చేతిలోనూ ఓడని నెబ్రాస్కాను వాళ్ళ ఊళ్ళోనే అయిదు సెట్లలో పడగొట్టి వచ్చారు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. మీరు క్యాంపస్‌లో ఉన్న 2011 ఏప్రిల్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు నోటర్ డామ్‌ను 76-70తో ఓడించి టైటిల్ తెచ్చింది. 2024లో అమ్మాయిల టెన్నిస్ జట్టు కూడా తెచ్చింది. మీరు కాలేజీకి అభిమానిని అనుకుంటున్నారు గానీ, ఇన్నాళ్ళూ ఒక్క జట్టుకే అభిమానిగా ఉన్నారు. ఆ ఒక్క జట్టేమో ఏడాదికి పన్నెండు రోజులే ఆడుతుంది. బాబును వాలీబాల్‌కు తీసుకెళ్ళండి. టికెట్ చవక, ఆట సుమారు రెండు గంటల్లో అయిపోతుంది, హాల్లో ఎండ ఉండదు, ముందు వరుసల్లో కూర్చుంటే బంతి దెబ్బ చప్పుడు ఛాతీలో వినిపిస్తుంది. తెలుగు ఊళ్ళలో వాలీబాల్ ఆడని బడి లేదు. మీ శ్రీమతికి నియమాలు చెప్పాల్సిన పని కూడా ఉండకపోవచ్చు.

బేస్‌బాల్ కూడా చూడమని చెబుతాం గానీ, గుండె దిటవు చేసుకోండి. 2024 జూన్‌లో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్ మూడో ఆటలో టెనసీ చేతిలో 6-5తో ఓడారు. మరునాడే కోచ్ టెక్సస్‌కు వెళ్ళిపోయినట్టు తెలిసింది.

మీ శ్రీమతి అడిగింది న్యాయమైన ప్రశ్న. "మనవాళ్ళు కాదు కదా" అన్నదానికి స్కోర్లతో జవాబు చెప్పలేరు. ఆవిణ్ణి ఒకసారి, ఆట లేని రోజున, క్యాంపస్ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్ తీసుకెళ్ళి బాన్‌ఫైర్ స్మారకం చూపించండి. టెక్సస్‌తో ఆటకు ముందు విద్యార్థులు ఏటా దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున కడుతుండగానే ఆ దుంగల గుట్ట కూలి 12 మంది చనిపోయారు, 27 మందికి దెబ్బలు తగిలాయి. ఎనిమిది రోజులకే ఆట. ఆ రోజు టెక్సస్ బ్యాండువాళ్ళు టోపీలు తీసి నివాళి వాయించారు. ఎ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆ కుప్ప కూలినచోట ఇప్పుడు వలయాకారంగా 12 ద్వారాలున్నాయి. ఒక్కో ద్వారం పోయిన ఒక్కో పిల్లవాడి, పిల్ల సొంతూరి దిక్కుకు తిరిగి ఉంటుంది. ఏటా ఏప్రిల్ 21న మస్టర్ జరుగుతుంది. ఆ ఏడాది పోయిన పూర్వ విద్యార్థుల పేర్లు హాజరులా పిలుస్తారు, వాళ్ళ తరఫున దగ్గరివాళ్ళు "ఇక్కడే" అని పలుకుతారు. ప్రపంచంలో వందల చోట్ల ఇది జరుగుతుంది, డాలస్ చుట్టుపక్కల కూడా. ఆవిణ్ణి ముందు దానికి తీసుకెళ్ళండి, ఆటకు తర్వాత. మీరు ఆ జట్టుతో ఎందుకు పెనవేసుకుపోయారో మీరు నోటితో చెప్పే దానికంటే బాగా అర్థమవుతుంది.

ఇంట్లో గొడవ తగ్గాలంటే క్యాలెండర్ పని ఆగస్టులోనే ముగించండి. పన్నెండు శనివారాలూ మీవే అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. డాలస్ తెలుగువాళ్ళ బతుకమ్మ, దసరా, దీపావళి సంబరాలన్నీ పనిరోజులు తప్పించి ఎక్కువగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారాల్లోనే పడతాయి. ఫుట్‌బాల్ కూడా అప్పుడే. ఎస్‌ఈసీ ఇప్పుడు వేసవిలోనే ఏ ఆట పొద్దున, ఏది మధ్యాహ్నం, ఏది రాత్రి అన్నది స్థూలంగా చెబుతోంది. కచ్చితమైన సమయం 12 రోజుల ముందో, ఒక్కోసారి 6 రోజుల ముందో తేలుతుంది. కాబట్టి నాలుగు ఆటలు "ఏం జరిగినా నావి" అని గుర్తు పెట్టుకోండి. నాలుగు పూర్తిగా వదిలేయండి, అంటే ఫోన్‌లో దొంగచాటుగా కూడా చూడకండి. మిగతా నాలుగు ఇంటి పరిస్థితిని బట్టి. ఇలా రాసి ఫ్రిజ్ మీద అతికిస్తే, "ఇవాళ కూడానా?" అన్న మాట సగం తగ్గుతుంది.

మీ హైదరాబాద్ స్నేహితుడి కోసం కూడా ఒక లెక్క. మన పొద్దున 11 గంటల ఆట అక్కడ శనివారం రాత్రి 9:30కు. ఇక్కడ 2:30 అయితే అక్కడ అర్ధరాత్రి దాటాక 1 గంట. ఇక్కడ సాయంత్రం 6:30 అయితే అక్కడ ఆదివారం తెల్లవారి 5. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అన్నింటికీ ఒక గంట కలపాలి. ఏటా ఆ వారం ఎవరో ఒకరు గంట ముందే లేచి కూర్చుంటారు. ఒంటిగంట ఆటను ప్రత్యక్షంగా చూడొద్దని చెప్పండి. ఫోన్ పక్కన పెట్టి పడుకుని, ఆరింటికి లేచి రికార్డు చూడటం మేలు.

సీజన్ టికెట్ల విషయానికొస్తే, ఈ ఏడాదికి వద్దంటాం. టికెట్ ధర వేరు, మంచి సీటు కోసం కాలేజీ ఆటలకు నిధులు సేకరించే ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్‌కు ఇచ్చే విరాళం వేరు. రెండూ కలిస్తేనే అసలు ఖర్చు. దానికి ఇర్వింగ్ నుంచి వేకో మీదుగా సుమారు మూడు గంటల ప్రయాణం, పార్కింగ్, తిండి, రాత్రి ఆట అయితే హోటల్. ఆట మూడున్నర గంటలు సాగుతుంది. ఆరున్నరకు మొదలైతే పది, కారు బయటపడేసరికి పదకొండు, ఇల్లు చేరేసరికి రెండు. వెనక సీట్లో తొమ్మిదేళ్ళవాడు. ఏడు ఆటలకు ఇలా వెళ్ళలేరు. వెళ్ళలేని టికెట్లు అమ్ముకోవచ్చులే అనుకుంటారు గానీ, చిన్న ప్రత్యర్థులతో సెప్టెంబరు ఆటల టికెట్లకు సాధారణంగా పెట్టిన ధర కూడా తిరిగి రాదు.

దానికి బదులు రెండు ఆటలు ఎంచుకోండి. ఒకటి సెప్టెంబరులో చిన్న జట్టుతో. రెండోది అక్టోబరులో ఎస్‌ఈసీ జట్టుతో. మొదటిదానికి టికెట్లు ఆట రోజు దగ్గరపడేకొద్దీ తగ్గుతాయి, గురువారం దాకా ఆగవచ్చు. రెండోదానికి ఆగకండి. 2026లో టెక్సస్ మళ్ళీ కైల్ ఫీల్డ్‌కు వస్తుంది. ఆ టికెట్ తగ్గుతుందని ఎదురుచూస్తే ఎదురుచూస్తూనే ఉంటారు. బాబుకు అదే మొదటి ఆట చేయకండి. రద్దీ, ఉద్రిక్తత, ఓడితే పెద్దవాళ్ళ ముఖాలు, అన్నీ ఎక్కువ.

సెప్టెంబరులో అక్కడ ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం ఆటకు పడమటి వైపు సీట్లు తీసుకుంటే నీడ ముందుగా పడుతుంది. తూర్పు వైపు సూర్యుడు ముఖం మీదే ఉంటాడు. విద్యార్థుల సీట్లు కూడా అటువైపే. అక్కడ ఆటంతా నిలబడే చూస్తారు. 1922 జనవరిలో డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆడుతుంటే దెబ్బలతో ఆటగాళ్ళు తరిగిపోయి, ఇ. కింగ్ గిల్ అనే కుర్రాణ్ణి ప్రేక్షకుల్లోంచి పిలిచారు. యూనిఫాం తొడుక్కుని ఆట అయ్యేదాకా పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు, 22-14తో గెలిచారు. అతని గుర్తుగానే విద్యార్థులు కూర్చోరు. వాళ్ళ వెనక సీటు తీసుకుంటే మీ వాడికి వీపులే కనిపిస్తాయి. లక్షా రెండు వేల మంది పట్టే స్టేడియం, చప్పుడు ఎక్కువ కాబట్టి పిల్లల చెవులకు పెట్టే మఫ్‌లు కొనండి. సంచి పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు. మామూలు బ్యాక్‌ప్యాక్ తెస్తే అంత దూరం నడిచి కారు దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. పిల్లలతో వచ్చినవాళ్ళు తరచూ ఇక్కడే ఇరుక్కుంటారు.

జెర్సీ అడుగుతాడు. ఆటగాడి పేరున్నది కొంటే వచ్చే జనవరికి అతను ఇంకో రంగులో ఉండొచ్చు. 12వ నంబరు కొనండి. స్కాలర్‌షిప్ లేకుండా సొంతంగా వచ్చి జట్టులో చోటు సంపాదించుకున్న ఆటగాడికి దక్కే నంబరు అది. మనిషి మారినా నంబరు నిలుస్తుంది.

ఇప్పుడు సోఫా వెనక ఏడుపు. "ఆటే కదరా" అనకండి. మీరు రెండు రోజులు మూతి బిగించుకుని వాడికి మాత్రం ఆటే కదా అంటే, వాడు మీ మాట నమ్మడు, మీ ముఖాన్ని నమ్ముతాడు. పక్కన కూర్చోండి. ఏడవనివ్వండి. అన్నం పెట్టండి, నిజంగానే, చాలాసార్లు ఆకలి కూడా కలిసి ఉంటుంది. మర్నాడు వాడే అడుగుతాడు. అప్పుడు నోటుబుక్ తీసి చూపించండి, "చూడు, మూడుసార్లు బంతి పోయింది, అందుకే" అని. రిఫరీ మీద వేయకండి. ఆ ఆఖరి పాస్ వేసిన కుర్రాణ్ణి తిట్టకండి. వాడి ముందే కాదు, ఆన్‌లైన్‌లోనూ వద్దు. జట్టు మీద పందెం మాత్రం ఎన్నడూ కాయకండి. డబ్బు కలిస్తే ఆ నాలుగో క్వార్టర్‌లో మీరు జట్టును చూడరు, తేడాను చూస్తారు. పిల్లలు అది ఇట్టే పసిగడతారు.

మీకోసం ఒక నియమం. ఓడిన రాత్రి ఫోన్ వేరే గదిలో. కోచ్‌లు 24 గంటల నియమం పాటిస్తారు, గెలిచినా ఓడినా దాని గురించి ఒక్క రోజే. మీరూ అంతే పెట్టుకోండి. మర్నాడు సాయంత్రం నాలుగు అంకెలు రాసి పుస్తకం మూసేయండి. వారం తిరిగినా నిద్ర పట్టకపోతే, ఆఫీసులో పని సాగకపోతే, ఆట ఒక మిష మాత్రమే, అసలు బరువు వేరే ఎక్కడో ఉంది. అప్పుడు డాక్టరుతో మాట్లాడండి.

చివరిగా, అక్టోబరు ఆటకు బాబును తీసుకెళ్ళినప్పుడు ఓడిపోయారే అనుకోండి. జనంతో పాటు మీరూ లేచి గేటు వైపు పరుగెత్తకండి. ఎలాగూ పార్కింగ్‌లోంచి బయటపడటానికి గంట పడుతుంది. సీట్లోనే ఉండి విద్యార్థుల వైపు చూడమనండి. ఓడిన రోజు వాళ్ళు వెళ్ళిపోరు. అరుపులు నడిపించే, తెల్ల దుస్తుల్లోని యెల్ లీడర్లు ముందు నిలబడతారు, పిల్లలందరూ భుజాల మీద చేతులు వేసుకుంటారు, అక్కడికక్కడే వచ్చే వారం ఆటకు అరుపుల సాధన మొదలుపెడతారు. ఆ పది నిమిషాలు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకోండి. వాడి గొంతు కూడా కలిపితే కలపనివ్వండి.